పేను నేల మీద లేదు

ఆస్ట్రేలియాలో పేల మీద ఏళ్ల తరబడి పనిచేసిన రిచర్డ్ స్పియర్ బృందం ఒకసారి 118 తరగతి గదుల నేలను గాలించింది. అన్నీ తివాచీ పరిచిన గదులే. ఆ తివాచీలను వాక్యూమ్ యంత్రంతో పీల్చి, వచ్చిన దుమ్ములో పేల కోసం వెతికారు. ఆ గదుల్లో చదువుకునే 2,230 మంది పిల్లల తలలూ చూశారు. 466 మంది తలల్లో కలిపి 14,000కు పైగా పేలు దొరికాయి. నేల మీద ఒక్కటీ లేదు.

2002లో అచ్చయిన ఈ చిన్న అధ్యయనం నాకు పదేపదే గుర్తొస్తుంది. పేలు పట్టాయని తెలిసిన ఇంట్లో మొదట జరిగేది తలతో సంబంధం లేని చాకిరీయే. దుప్పట్లు ఉడకబెడతారు, దిండ్లు ఎండలో వేస్తారు, మంచం కింద మందు చల్లుతారు, ఇల్లంతా ఫినాయిల్ పెట్టి తుడుస్తారు. సాయంత్రానికి ఇల్లాలి నడుం పడిపోతుంది. పిల్ల మాత్రం మర్నాడు బడికి వెళ్లి అదే బెంచీ మీద, అదే స్నేహితురాలి తలకు తల ఆనించి కూర్చుంటుంది. నెల తిరక్కుండా మళ్లీ గోకుడు మొదలు.

తలపేల గురించి గత పాతికేళ్లలో వచ్చిన పరిశోధననూ, మన ఇళ్లలో తరతరాలుగా నడుస్తున్న పద్ధతులనూ పక్కపక్కన పెట్టి చూశాక నాకు తేలింది ఇది: పేలు అసలు ఎక్కకుండా ఆపుతుందని గట్టిగా రుజువైన మందు లేదు. ఎక్కిన తొలి వారాల్లోనే పట్టుకోవడం, పట్టుకున్న సంగతి పక్కవాళ్లకు చెప్పడం, నివారణ అంటే నా దృష్టిలో ఈ రెండే. మిగతావి కొన్ని వీటికి తోడు, కొన్ని వృథా శ్రమ, కొన్ని ప్రమాదం.

ఈపి నుంచి పేను దాకా

కౌటిల్యుడి అర్థశాస్త్రంలో పొడవు కొలతల పట్టిక ఒకటుంది. అందులో లిక్ష అంటే ఈపి, యూక అంటే పేను. ఎనిమిది ఈపులు ఒక పేను, ఎనిమిది పేలు ఒక యవగింజ మందం, ఎనిమిది యవలు ఒక అంగుళం. కొలతగా వాడుకునేంతగా ఈ పురుగు అందరి కంటికీ తెలిసినదన్నమాట. రాజుల తలలో ఉండేది, కూలివాడి తలలో ఉండేది ఒకటే పేను.

పెద్ద పేను నువ్వుగింజంత ఉంటుంది, 2 నుంచి 3 మిల్లీమీటర్లు. రెక్కలు లేవు. మిడతలా దూకడానికి తగిన కాళ్లూ లేవు. ఆరు కాళ్ల చివర వెంట్రుకను పట్టుకునే కొక్కేలు మాత్రం ఉన్నాయి. వెంట్రుక మీద చురుగ్గా పాకే పురుగు నున్నటి నేల మీద పడితే కదలలేక అవస్థ పడుతుంది. రోజుకు నాలుగైదు సార్లు రక్తం తాగాలి. తల నుంచి విడిపోతే ఒకటి రెండు రోజుల్లో ఆకలితో చచ్చిపోతుంది. తరగతి గది నేల మీద ఒక్క పేనూ దొరకకపోవడానికి కారణం ఇదే. తనంతట తానుగా తల దిగాల్సిన అవసరం దానికి లేదు. ఒక తల వెంట్రుక మరో తల వెంట్రుకను తాకినప్పుడు ఇటు నుంచి అటు పాకుతుంది, అంతే.

ఆడపేను తల మీద నెల రోజుల దాకా బతుకుతుంది, రోజుకు ఎనిమిది దాకా గుడ్లు పెడుతుంది. గుడ్డును వెంట్రుక మొదట్లో, మాడుకు అయిదారు మిల్లీమీటర్ల లోపు, జిగురుతో అతికిస్తుంది. ఆ వెచ్చదనం లేకపోతే గుడ్డు పొదగదు. ఏడు నుంచి పది రోజుల్లో పిల్లపేను బయటికొస్తుంది. అది మూడుసార్లు పొర విడిచి, మరో తొమ్మిది నుంచి పన్నెండు రోజులకు పెద్దదై, గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది. అంటే ఈపి పేనై, ఆ పేను మళ్లీ ఈపి పెట్టడానికి సుమారు మూడు వారాలు.

ఈ మూడు వారాల లెక్క గుర్తుంచుకోవాలి. ఒక ఆడపేను ఇవాళ తల ఎక్కిందనుకుందాం. వారం తిరిగేలోపు నలభై యాభై ఈపులు పెట్టేస్తుంది. వాటిని మనం ఆపలేం. కానీ అవి పొదిగి, పెద్దవై, గుడ్లు పెట్టేలోపు మనకు కనీసం రెండు వారాల వ్యవధి ఉంది. ఆ రెండు వారాల్లో నాలుగుసార్లు సన్నపళ్ల దువ్వెన జాగ్రత్తగా తిరిగితే రెండో తరం పుట్టే అవకాశం దాదాపు ఉండదు. దువ్వెన తిరగకపోతే నెలన్నరకు ఆ తల ఊరంతటికీ పంచేంత సంపద అవుతుంది.

చిక్కంతా ఆ నెలన్నర మనకు తెలియకుండా గడిచిపోవడంలో ఉంది. దురద పేను కుట్టడం వల్ల పుట్టదు. దాని లాలాజలం మీద మన చర్మం తిరగబడటం వల్ల పుడుతుంది. మొదటిసారి పేలు పట్టిన పిల్లకు ఆ తిరుగుబాటు మొదలు కావడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పిల్ల గోక్కోవడం చూసి పేలు చూద్దామనుకునే తల్లి, అప్పటికే రెండో తరం గుడ్లు పెట్టిన తలను చూస్తోంది.

మురికి మాట

పేలు మురికి తలకే పడతాయన్న మాట అబద్ధం. తల శుభ్రంగా ఉన్నా, కుంకుడుకాయతో రుద్దినా, ఖరీదైన షాంపూ పెట్టినా పేనుకు తేడా లేదు. నీళ్లలో మునిగితే శ్వాస రంధ్రాలు మూసుకుని గంటల తరబడి ఓర్చుకోగలదు. తలంటు దానికి ఒక వాన మాత్రమే.

ఈ మురికి మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే దాన్ని వదిలించుకోవడం తేలిక. తలపేనుకు దగ్గరి చుట్టం ఒకటుంది, చీరపేను. అది బట్టల మడతల్లో గుడ్లు పెడుతుంది, ఒంటి మీదికి వచ్చి రక్తం తాగుతుంది. బట్ట మార్చుకునే వీలు లేని చోట, యుద్ధంలో, జైళ్లలో, శరణార్థి శిబిరాల్లో విజృంభిస్తుంది. టైఫస్ జ్వరాన్ని మోసేది అదే. 1909లో ట్యునిస్ నగరంలో చార్లెస్ నికోల్ ఈ సంగతి కనిపెట్టాడు, 1928లో ఆయనకు నోబెల్ వచ్చింది. చీరపేనుకు ఉతికిన బట్టే మందు. తలపేను మామూలుగా ఏ జబ్బునూ మోయదు. చుట్టం చేసిన పాపం దీని నెత్తిన పడింది.

రక్తమంతా తాగేస్తాయన్న భయమూ అంతే. స్పియర్ బృందం దీన్నీ కొలిచింది. ముప్పై పేలున్న పిల్ల రోజుకు కోల్పోయే రక్తం 0.008 మిల్లీలీటర్లు. తలనిండా వేలకొద్దీ పేలున్న, అసలే తిండి చాలని పిల్లల సంగతి వేరు. అక్కడ ఆ కొంచెమూ లెక్కలోకి వస్తుంది. చాలామంది పిల్లలకు పేల వల్ల జరిగే నష్టం మూడు రకాలు: రాత్రి నిద్ర చెడటం, గోకిన చోట పుండు పడి చీము పట్టడం, నలుగురిలో అవమానం. మూడోదే అన్నింటికంటే ఎక్కువ కాలం ఉంటుంది.

మా అమ్మాయి ఆరో తరగతిలో ఉండగా ఒక మధ్యాహ్నం దాన్ని లేపి విడిగా, గోడ పక్కన కూర్చోబెట్టారు. ఏ బడో చెప్పను. ఇంటికొచ్చి ఏమీ చెప్పకుండా పడుకుంది. అంతకుముందు మూడు నెలల్లో మూడుసార్లు మందు షాంపూ పెట్టాను. ప్రతిసారీ తగ్గి, మళ్లీ వచ్చేవి. ఆ రాత్రి దాని స్నేహితురాలి తల్లికి ఫోన్ చేశాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “మా దానికీ ఉన్నాయండీ. మీరేమనుకుంటారోనని చెప్పలేదు,” అంది. ఇద్దరమూ మూడు నెలలుగా ఒకరికి తెలియకుండా ఒకరం అదే షాంపూ కొంటున్నాం. ఆ ఆదివారం ఇద్దరి తలలూ ఒకేసారి దువ్వాం. మూడు వారాల్లో ఆ గొడవ ముగిసింది.

కన్ను చాలదు, దువ్వెన కావాలి

మన ఇళ్లలో పేలు చూడటమంటే పిల్లను ముందు కూర్చోబెట్టుకుని, పాయలు తీసి, వేళ్లతో వెతకడం. అరుగుల మీద ఒకరి వెనక ఒకరు వరసగా కూర్చుని చూసుకునే ఆ మధ్యాహ్నాల్లో ప్రేమ ఉంది, కబుర్లున్నాయి. కానీ పేలను కనిపెట్టే పద్ధతిగా అది బలహీనం. జర్మనీలో 304 మంది పిల్లల మీద చేసిన పరీక్ష ఫలితాలు 2009లో వచ్చాయి. బతికున్న పేలున్న తలల్లో కంటిచూపుతో పట్టుబడినవి నూటికి 29. తడి జుట్టును సన్నపళ్ల దువ్వెనతో దువ్వినప్పుడు పట్టుబడినవి నూటికి 90. వెలుతురు పడగానే పేను పక్కకు జరిగిపోతుంది, చూసే చేయి పాయ తీసేలోపు అది మరో పాయలో ఉంటుంది. కంటికి బాగా కనిపించేది ఈపి, అందులోనూ పొదిగిపోయిన తెల్లటి ఖాళీ ఈపి. అంటే కంటితో చూసేవాళ్లకు పాత చరిత్ర దొరుకుతుంది, ఇప్పటి పేను తప్పించుకుంటుంది.

దువ్వెన మనకు కొత్తదేమీ కాదు. రెండు వైపులా సన్నటి పళ్లున్న చెక్క పేలదువ్వెన సంతల్లో, తిరునాళ్లలో ఇప్పటికీ దొరుకుతుంది. ఈపిని ఈరు అని కూడా అంటారు కదా, దాన్ని లాగే సాధనానికి ఈరుపెన అని పాతవాళ్లు పేరు పెట్టుకున్నారు. ఇజ్రాయెల్‌లోని లాకీష్ దగ్గర తవ్వకాల్లో దొరికిన ఒక ఏనుగుదంతపు దువ్వెన సుమారు క్రీస్తుపూర్వం 1700 నాటిదని లెక్కగట్టారు. దాని మీద చెక్కిన అక్షరాలను చదివి 2022లో ప్రకటించారు: జుట్టులో, గడ్డంలో పేలను ఈ దంతం వదిలించాలన్న కోరిక అది. కనాను లిపిలో ఇప్పటిదాకా దొరికిన తొలి పూర్తి వాక్యాల్లో ఒకటి పేల గురించే. ఆ దువ్వెన పళ్ల మీద పిల్లపేను పొర కూడా దొరికింది.

ఇప్పుడు కొనేటప్పుడు చూడాల్సింది పళ్ల మధ్య సందు. అది 0.3 మిల్లీమీటర్లకు మించకూడదు, పళ్లు వంగకూడదు. మందు సీసాతో ఉచితంగా వచ్చే మెత్తటి ప్లాస్టిక్ దువ్వెనల పళ్లు చిక్కు తగలగానే విచ్చుకుంటాయి, పేను ఆ సందులోంచి జారిపోతుంది. ఉక్కు పళ్లది కాస్త ధర ఎక్కువైనా ఇంటిల్లిపాదికీ ఏళ్ల తరబడి వస్తుంది.

దువ్వే పద్ధతి ఇది. జుట్టు తడిపి, కండిషనర్ గానీ కొబ్బరినూనె గానీ బాగా పట్టించి, ముందు మామూలు దువ్వెనతో చిక్కు తీయాలి. తర్వాత పేలదువ్వెనను మాడుకు ఆనించి మొదలు నుంచి కొస దాకా ఒక్క లాగున లాగి, తెల్లటి గుడ్డకు తుడవాలి. చెవుల వెనక, మెడ మీద, పాపిడి పక్కన ఎక్కువసేపు. ఒత్తు జుట్టుకు అరగంట పడుతుంది. ఏమీ లేని పిల్లకు వారానికోసారి ఇలా చూస్తే చాలు. పేను దొరికితే మొదటి రోజు, అయిదో రోజు, తొమ్మిదో రోజు, పదమూడో రోజు దువ్వాలి. పై లెక్కలో చెప్పిన రెండు వారాలను ఈ నాలుగు దువ్వుళ్లు కప్పుతాయి.

దువ్వెన ఒక్కటే పేలను పూర్తిగా వదిలిస్తుందా అన్న ప్రశ్న మీద బ్రిటన్‌లో రెండు పరీక్షలు జరిగాయి, రెండూ ఒకదానికొకటి ఎదురు చెప్పినట్టు కనిపిస్తాయి. 2000లో లాన్సెట్ పత్రికలో వచ్చినదాంట్లో దువ్వెనతో నయమైనవాళ్లు నూటికి 38 మంది, మలథియాన్ అనే మందు లోషన్‌తో 78 మంది. 2005లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చినదాంట్లో దువ్వెన కిట్‌తో 57 మంది, దుకాణాల్లో దొరికే మందులతో 13 మందే. మధ్యలో దువ్వెన కిట్‌ను మెరుగుపరిచారు, ఈలోగా పేలు మందులకు అలవాటు పడ్డాయి. నేను దీన్నుంచి తీసుకునేది ఇది: దువ్వెన ఫలితం దువ్వే చేయి ఓపికను బట్టి ఉంటుంది. మందు ఫలితం ఆ ఊరి పేలు ఆ మందుకు ఎంత అలవాటుపడ్డాయో దాన్ని బట్టి ఉంటుంది. మొదటిది మన చేతిలో ఉంది.

నూనెలు, ఆకులు, గింజలు

వేపనూనె, గానుగ నూనె, కర్పూరం కలిపిన కొబ్బరినూనె, దిండు కింద తులసాకు. వీటిలో ఏది పెడితే పేలు దరిచేరవు?

తలకు నూనె పెడితే పేలు పట్టవన్న నమ్మకాన్ని కాదనడానికి మన పల్లెలే చాలు. రోజూ నూనె పెట్టి జడ వేసుకునే ఆడపిల్లల తలల్లోనే కదా తరతరాలుగా పేలున్నాయి. నూనె పేను నడకను మందగింపజేస్తుంది, దువ్వెనకు దొరికేలా చేస్తుంది. అంతవరకు దానికి విలువ ఉంది. వేపగింజల సారంతో తయారు చేసిన షాంపూ పేలను చంపినట్టు ఈజిప్టులో జరిగిన పరీక్షలున్నాయి. అయితే కొలిచి తయారుచేసిన ఆ సారం వేరు, మనం ఇంట్లో నూరే వేపాకు ముద్ద వేరు. పైగా ఉన్న పేలను చంపడం వేరు, కొత్తవి రాకుండా ఆపడం వేరు.

రాకుండా ఆపడాన్ని నేరుగా పరీక్షించినవి చాలా తక్కువ. ఇజ్రాయెల్‌లో కోస్టా ముంచుఓగ్లు బృందం సిట్రొనెల్లా నూనె నెమ్మదిగా విడుదలయ్యే మందును బడి పిల్లల తలలకు రాసి, మరికొందరికి ఉత్త ద్రవం రాసి చూసింది. 2004లో వచ్చిన ఆ ఫలితాల్లో సిట్రొనెల్లా రాసిన పిల్లల్లో పేలు పట్టినవాళ్లు స్పష్టంగా తక్కువ. ఆశ కలిగించే ఫలితమే. కానీ వందేసి మంది పిల్లల మీద జరిగిన ఒక్క పరీక్షతో లక్షల ఇళ్లకు సలహా ఇవ్వలేం. కొందరు పిల్లల చర్మానికి ఆ ఘాటు పడదు కూడా. అందుకే నా తీర్పు: వేప, కర్పూరం, సిట్రొనెల్లా ఇష్టమైతే వాడుకోండి, వాటిని నమ్ముకుని వారం వారం దువ్వడం మానకండి.

సీతాఫలం గింజల పొడి దగ్గర మాత్రం నేను గట్టిగా వద్దంటాను. మన ఊళ్లలో ఇది చాలా పాత మందు. గింజలు ఎండబెట్టి నూరి, నూనెలో కలిపి తలకు పట్టిస్తారు. పేలు చస్తాయి, నిజమే. ఆ పొడి కంట్లో పడితే కనుగుడ్డు మీది పలుచటి పొర లేచిపోతుంది. భరించలేని మంట, నీళ్లు, వెలుగు చూడలేకపోవడం. తలకు పట్టించుకుని స్నానం చేసిన మర్నాడు ఇలా వచ్చినవాళ్ల సంగతి దక్షిణ భారత కంటి వైద్యులు వైద్య పత్రికల్లో రాశారు. వెంటనే చికిత్స చేస్తే చాలామందికి నయమవుతుంది. గోటితో పోయేదానికి కన్ను పణంగా పెట్టడం దేనికి?

కిరసనాయిలు, పొలానికి కొట్టే పురుగుమందు, పాతకాలపు గమాక్సిన్ పొడి ఇంకా ఘోరం. కిరసనాయిలు రాసిన తల పొయ్యి దగ్గర ఒక్క నిప్పురవ్వకు అంటుకుంటుంది. పంటల పురుగుమందులు మాడు చర్మం గుండా రక్తంలోకి పోతాయి; గోకిన పుండ్లుంటే మరీ వేగంగా. గమాక్సిన్ అంటే బీహెచ్‌సీ. మన దేశంలో దాన్ని 1997లోనే నిషేధించారు. దానిలోంచి తీసిన లిండేన్ లోషన్ ఒకప్పుడు వైద్యులే రాసిచ్చిన పేలమందు. నరాల మీద దాని ప్రభావం చూశాక అమెరికా ఔషధ సంస్థ 2003లో దాని మీద తీవ్రమైన హెచ్చరిక ముద్రించమంది. కాలిఫోర్నియా రాష్ట్రం 2002లోనే దాన్ని ఆపేసింది.

మందును ముందుజాగ్రత్తగా వాడొచ్చా

వాడకూడదు. పేలు లేని తలకు నెలకోసారి పేలమందు షాంపూ పెట్టడం వల్ల కొత్త పేలు రాకుండా పోవు. చావకుండా మిగిలే పేల సంతతి మాత్రం పెరుగుతుంది. పర్మెత్రిన్ అనే పేలమందు 1980లలో వచ్చినప్పుడు అద్భుతంగా పనిచేసింది. 1990ల నుంచి అనేక దేశాల్లో దాని పట్టు సడలింది. పేను నరాల్లో ఆ మందు తగిలే చోటే మారిపోయింది. ఈపులను పూర్తిగా చంపే శక్తి దానికి మొదటి నుంచీ లేదు. అందుకే తొమ్మిదో రోజు ప్రాంతంలో రెండోసారి పెట్టాలంటారు. మన ఇళ్లలో చాలామంది ఆ రెండోసారి మానేస్తారు.

తర్వాత వచ్చినవాటిలో నాకు నచ్చినది డైమెథికోన్. ఇది విషం కాదు, ఒక రకం సిలికోన్ నూనె. పేను ఒంటిని కప్పేసి, శ్వాస రంధ్రాల్లోకి చొరబడి చంపుతుంది కాబట్టి మామూలు పురుగుమందులకు అలవాటుపడ్డ పేల మీద కూడా పనిచేస్తుంది. మొండికేసిన పేలకు ఐవర్‌మెక్టిన్ మాత్ర ఉంది. 2010లో వచ్చిన పెద్ద పరీక్షలో మాత్రతో నూటికి 95 మందికి, మలథియాన్ లోషన్‌తో 85 మందికి పేలు పోయాయి. పదిహేను కిలోల లోపు పిల్లలకూ గర్భిణులకూ ఆ మాత్ర ఇవ్వరు, డాక్టరు చెప్పకుండా ఎవరూ మింగకూడదు.

దుప్పట్ల సంగతి ఒక్క మాటలో. పేలున్న 48 మంది దిండుగలీబులు చూస్తే రెండింటి మీదే బతికున్న పేను దొరికింది. కాబట్టి పేలు దొరికిన రోజు దిండుగలీబు, తువ్వాలు వేడినీళ్లలో ఉతికి, దువ్వెనలు బాగా వేడిగా ఉన్న నీళ్లలో పదినిమిషాలు ఉంచితే సరిపోతుంది. పరుపులకూ సోఫాలకూ మందు కొట్టడం పిల్లల ఊపిరితిత్తులకు చేటు.

ఈపి కనిపిస్తే ఇంటికి పంపడం

అమెరికాలో చాలా బడులు దశాబ్దాల పాటు ఒక నియమం పాటించాయి: తలలో ఒక్క ఈపి ఉన్నా బడికి రాకూడదు. అట్లాంటాలో 1,729 మంది పిల్లలను చూసి 2001లో రాసిన అధ్యయనం ఈ నియమానికి ఆధారం లేకుండా చేసింది. బతికున్న పేలున్నవాళ్లు 28 మంది. పేను లేకుండా ఈపులు మాత్రమే ఉన్నవాళ్లు 63 మంది. ఈ రెండో గుంపులో 50 మందిని రెండు వారాలు గమనిస్తే పేలు వచ్చింది 9 మందికే. అంటే నియమం ప్రకారం ఇంటికి పంపిన పిల్లల్లో ఎక్కువమందికి అసలు జబ్బే లేదు. 2002 నుంచి అక్కడి పిల్లల వైద్యుల సంఘం ఆ నియమాన్ని వదిలేయమని బడులకు చెబుతూ వస్తోంది. పేలు ఉన్నా సరే సాయంత్రం దాకా తరగతిలో ఉండనిచ్చి, ఇంటికి కబురు పంపి, చికిత్స మొదలుపెట్టాక మర్నాడు రానివ్వమంటోంది. ఆ పేలు అప్పటికే నెల రోజులుగా ఆ తలలో ఉన్నాయి, ఈ ఒక్క పూటలో కొత్తగా జరిగే నష్టం లేదు.

మాడుకు సెంటీమీటరు దూరం దాటిన ఈపి పాతదని పుస్తకాలంటాయి, ఎందుకంటే జుట్టు నెలకు సెంటీమీటరు పెరుగుతుంది. మనలాంటి వేడి ప్రాంతాల్లో వెంట్రుక మరికొంత దూరం దాకా వెచ్చగా ఉంటుంది కాబట్టి, ఈ కొలతను అచ్చంగా పట్టుకోకూడదు. ఈపి చూసి తీర్పు చెప్పకుండా దువ్వి, కదిలే పేను ఉందో లేదో చూడటమే మేలు.

మన బడుల్లో రాసిపెట్టిన నియమం కనబడదు. రాయనిది ఉంది. చివరి బెంచీ, విడిగా కూర్చోబెట్టడం, అందరి ముందూ తల పరీక్ష. హాస్టళ్లలో అయితే కత్తెర.

హాస్టళ్ల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే పేల నివారణలో మనం గెలిచేదీ ఓడేదీ అక్కడే. గురుకులాల్లో, కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల్లో, సంక్షేమ హాస్టళ్లలో వందలాది ఆడపిల్లలు ఒకే కప్పు కింద నిద్రపోతారు. మంచం పక్కన మంచం. మంచాలు చాలని చోట చాప పక్కన చాప. అద్దం ముందు ఒకరికొకరు జడలు వేసుకుంటారు. అమ్మ లేదు, వెనక కూర్చుని పేలు చూసే నాయనమ్మ లేదు. ఒక పిల్ల తల శుభ్రం చేసినా పక్క పిల్ల తలలోంచి వారానికి మళ్లీ వస్తాయి. ఇలాంటి చోట ఒక్కొక్కరికి విడిగా మందు ఇవ్వడం చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే. గదిలో ఉన్నవాళ్లందరి తలలూ ఒకే రోజు చూడాలి, పేలున్నవాళ్లందరికీ ఒకే రోజు చికిత్స మొదలుపెట్టాలి, తొమ్మిదో రోజు మళ్లీ చేయాలి.

జుట్టు కత్తిరిస్తే పోదా అంటారు. గుండు చేస్తే పోతాయి, అందులో అనుమానం లేదు. మనది తిరుమలకు తలనీలాలిచ్చే జాతి. గుండు మనకు అవమానం కాదు, మొక్కు. కానీ మొక్కుకుని తల వంచడం వేరు, పన్నెండేళ్ల పిల్లను పట్టుకుని అందరి ముందూ జుట్టు కోయడం వేరు. రెండోది శిక్ష. ఒకసారి ఆ శిక్ష చూసిన పిల్లలు ఆ తర్వాత దురద పుట్టినా చెప్పరు. దాచుకుంటారు. ఆ దాపరికంలో పేలు ఇంకో యాభై తలలకు పాకుతాయి.

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది. దాని బృందాలు బడి పిల్లలను ఏడాదికోసారి పరీక్షిస్తాయి. గుండె జబ్బులకు, చూపు లోపాలకు అది గొప్ప మేలు. మూడు వారాల్లో తరం మారే పురుగుకు ఏడాదికోసారి పరీక్ష ఏ మూలకు? హాస్టల్ పిల్లలకు సబ్బు, నూనె కోసం రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ కాస్మెటిక్ చార్జీలిస్తున్నాయి. ఆ జాబితాలో ప్రతి పిల్లకూ ఒక ఉక్కు పేలదువ్వెన చేరాలి. గదికొకటి చాలదు, ఎవరిది వాళ్లకే ఉండాలి.

బ్రిటన్‌లో ఒక స్వచ్ఛంద సంస్థ ఏడాదికి మూడు రోజులు పెట్టి, ఆ రోజుల్లో బడి పిల్లల ఇళ్లన్నిటిలో ఒకేసారి దువ్వమని ప్రచారం చేసింది: జనవరి 31, జూన్ 15, అక్టోబరు 31. ఆ తేదీలు చదవగానే నాకు మన బడుల క్యాలెండరు కనిపించింది. సంక్రాంతికి ఇంటికెళ్లిన పిల్లలు తిరిగొచ్చేది జనవరి మూడో వారంలో. బడులు తెరిచేది జూన్ రెండో వారంలో. దసరా సెలవులు ముగిసేది అక్టోబరులో. అత్తామామల ఇళ్లలో, పెళ్లిళ్లలో, ఒకే పరుపు మీద అయిదుగురు పడుకున్న సెలవుల్లో పేలు తలలు మారి, బడి తెరవగానే తరగతి గదిలోకి వస్తాయి. ఆ మూడు సెలవుల తర్వాత వచ్చే తొలి ఆదివారాన్ని దువ్వెన రోజుగా పెట్టుకోవడానికి కొత్త పథకం అక్కర్లేదు, నిధులు అక్కర్లేదు. వార్డెన్, ఇద్దరు టీచర్లు, పై తరగతి అమ్మాయిలు, ఒక తెల్లగుడ్డ చాలు. పేరు పిలిచి లేపకుండా, అందరి తలలూ వరసగా, ముందు టీచరు తలతో మొదలుపెట్టి చూస్తే పిల్లలు సిగ్గుపడరు.

జడలు గట్టిగా వేయడం, విడిచిన జుట్టుతో ఆటలకు పంపకపోవడం, దువ్వెన, రిబ్బన్, తువ్వాలు ఎవరివి వాళ్లకే ఉంచడం కూడా మంచి అలవాట్లు. వీటికి పెద్ద పరీక్షల ఆధారం లేకపోయినా ఖర్చు లేదు, హాని లేదు.

ఈ ఆదివారం మీ పిల్ల తల తడిపి, నూనె పట్టించి, ఒక్క అరగంట దువ్వి చూడండి. పేను దొరికితే దుప్పట్ల జోలికి పోకముందే, ఆమె పక్కన కూర్చునే పిల్ల తల్లికి ఫోన్ చేయండి.